రాతిలో కనిపించిందల్లా శిలాజమేనా?

2021 ఫిబ్రవరిలో భోపాల్ దగ్గరి భీమ్‌బేట్కా గుహల పేరు ప్రపంచమంతా వినిపించింది. అక్కడి ఆడిటోరియం కేవ్ అనే పెద్ద గుహలో, నేలకు పదకొండు అడుగుల ఎత్తున, రాతి గోడ మీద డికిన్సోనియా ముద్ర దొరికిందని ఓ అంతర్జాతీయ బృందం ప్రకటించింది. డికిన్సోనియా సుమారు 55 కోట్ల ఏళ్ల కింద సముద్రం అడుగున బతికిన మెత్తటి జీవి. కోలగా, బల్లపరుపుగా ఉంటుంది. నడిమధ్య ఒక గీత, దాని నుంచి రెండు వైపులా వరసగా విచ్చుకున్న గాడులు. భారతదేశంలో అంతకుముందు ఎవరికీ దొరకలేదు. బృందానికి నాయకత్వం వహించిన గ్రెగరీ రెటాలక్ అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పేరున్న శాస్త్రవేత్త. వ్యాసం వచ్చింది 'గోండ్వానా రీసెర్చ్' అనే పేరున్న పత్రికలో. ఇక అనుమానించడానికి ఏముంది?

ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ మీర్ట్, మన దేశ భూవిజ్ఞాన శాస్త్రవేత్తలతో కలిసి అదే గుహకు వెళ్లి ఆ ముద్రను దగ్గర నుంచి చూశారు. అది రాతి మీది నుంచి పెచ్చులుగా ఊడిపోతోంది. రాతిలో భాగమైన ముద్ర రెండేళ్లలో అలా ఊడిపోదు. పైగా సముద్రం అడుగున కప్పబడిన జీవి ముద్ర రాతి పొరల వెంబడే పడుకుని ఉండాలి. ఇది మాత్రం పొరలను పట్టించుకోకుండా గోడ మీద దాదాపు నిలువుగా అంటుకుని ఉంది. చుట్టుపక్కల చూస్తే అక్కడక్కడా పెద్ద తేనెపట్లు. అంతే, సంగతి తేలిపోయింది. డికిన్సోనియా అనుకున్నది కొండ తేనెటీగలు వదిలేసిపోయిన పాత పట్టు తాలూకు మిగిలిన భాగం. 2023లో ఆ విషయం అదే పత్రికలో అచ్చయింది. రెటాలక్ బృందం కూడా పొరపాటును బహిరంగంగా ఒప్పుకుంది. శాస్త్రంలో అలా వెంటనే ఒప్పుకోవడం తరచూ జరగదు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

ఆకారం పోలిక అంతగా కుదిరిన చోట కూడా శిలాజం లేకపోవచ్చని చూపించింది కాబట్టి ఈ ఉదంతం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో 'రాక్షస బల్లి గుడ్డు', 'రాయిగా మారిన ఆకు', 'పాము శిలాజం' అంటూ తిరిగే ఫోటోలన్నిటి వెనకా ఒకే ప్రశ్న ఉంటుంది: ఇది దేనిలా ఉంది? ఆ ప్రశ్నతో మొదలుపెట్టడంలో తప్పు లేదు, కానీ అక్కడే ఆగిపోతే మోసపోతాం. దాని తర్వాత అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకోటి ఉంది. ఇది ఈ రాతిలోకి ఎలా వచ్చింది? ఏ జీవీ లేకుండా, ఉత్త నీళ్లూ ఖనిజాలూ ఒత్తిడీ కలిసి దీన్ని తయారుచేయగలవా? చేయగలిగితే, శిలాజం అనడానికి ఆకారం కంటే గట్టి ఆధారం కావాలి.

దీన్ని మన ఇళ్లలోనే చూడొచ్చు. బేతంచెర్ల నాపరాళ్లు, తాండూరు బండలు పరిచిన ఇళ్లలో అప్పుడప్పుడు ఒక బండ మీద నల్లగా, సన్నగా, కొమ్మలు కొమ్మలుగా చీలిన ఆకులాంటి బొమ్మ కనిపిస్తుంది. ఎంత నాజూకుగా ఉంటుందంటే, ఎవరు చూసినా ఫెర్న్ మొక్క రాయిలో ఇరుక్కుని గట్టిపడిందనే అంటారు. అది మొక్క కాదు, డెండ్రైట్. రాతిలోని సన్నటి పగులులోకి నీళ్లు ఊరి, ఆ నీళ్లలో కరిగిన మాంగనీస్ అక్కడ ఆక్సైడుగా మారి నల్లటి పొరలా పేరుకుంటుంది. ఇనుము ఎక్కువగా ఉంటే గోధుమ రంగో, ఎరుపో వస్తుంది. ముందుకు పొడుచుకొచ్చిన కొసకే కొత్త ఖనిజం ఎక్కువగా అందుతుంది కాబట్టి ఆ కొస ఇంకా ముందుకు సాగుతుంది, మళ్లీ చీలుతుంది. కొమ్మల రూపం వచ్చేది అలా. ఇందులో జీవం ప్రమేయం ఏమీ లేదు.

ఒక భూతద్దం తీసుకుని ఆ బొమ్మ మీదికి వంగి చూడండి. పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్ ఐతే మరీ మంచిది. మొదట అది ఎక్కడ మొదలైందో వెతకండి. దాదాపు ఎప్పుడూ బండ అంచు దగ్గరో, వెంట్రుకంత పగులు గీత దగ్గరో మొదలై లోపలికి వ్యాపిస్తుంది. తర్వాత నడి ఈనె కోసం చూడండి, ఉండదు. ఆకు అంచు ఉండదు, ఈనెల మధ్య పత్రదళం ఉండదు. కొమ్మలు ఒకదాని మీదుగా ఇంకోటి దాటవు, ఒకదాని దగ్గరికి ఇంకోటి వచ్చి ఆగిపోతాయి. నిజం ఆకులు బురదలో పడితే అలా ఉండవు. ఒకదాని మీద ఒకటి పడతాయి, మడతపడతాయి, సగం చిరిగి ఉంటాయి, వాటి మధ్య వేరే మొక్కల ముక్కలూ, గింజలూ కనిపిస్తాయి. సింగరేణి బొగ్గు పొరల వెంట ఉండే షేల్ (బురద గట్టిపడి పలకలుగా విడిపోయే రాయి) రాళ్లలో దొరికే గ్లాసాప్టెరిస్ ఆకును ఒక్కసారి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. నాలుక ఆకారంలో ఉన్న ఆకుకు మధ్యలో బలమైన ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ వల అల్లినట్టు సన్నటి ఈనెలు, చివరిదాకా స్పష్టమైన అంచు. ప్రకాశం జిల్లా వేమవరం షేల్‌లో దొరికే టైలోఫిల్లం ఆకుల్లోనూ అంతే, కాడకు రెండు వైపులా చిన్న పత్రాలు లెక్కపెట్టగలిగేంత క్రమంగా ఉంటాయి.

నాపరాయి విషయంలో భూతద్దం కూడా అక్కర్లేని వాదన ఒకటుంది. బేతంచెర్ల రాయి కర్నూలు సమూహపు సున్నపురాయి, తాండూరు రాయి భీమా బేసిన్‌ది. రెండూ 54 కోట్ల ఏళ్ల కంటే పాతవి. నేల మీద మొదటి మొక్కలు వచ్చింది సుమారు 47 కోట్ల ఏళ్ల కింద, ఫెర్న్‌లు ఇంకా తర్వాత. ఆ సున్నపురాయి సముద్రం అడుగున పేరుకుంటున్న రోజుల్లో రాలడానికి భూమ్మీద ఆకే లేదు. నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష ఇదే. రాయి వయసు తెలిస్తే అందులో ఏం ఉండగలదో, ఏం ఉండలేదో ముందే సగం తెలిసిపోతుంది.

రాయి రకం కూడా అలాగే తేల్చేస్తుంది. తెలంగాణలో చాలా భాగం, రాయలసీమలో చాలా భాగం గ్రానైట్, నైస్ (వేడికీ ఒత్తిడికీ రూపు మారిన చారల రాయి) రాళ్ల మీద ఉన్నాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడ్డ రాయి. ఆ వేడిలో ఏ జీవి ముద్రా మిగలదు, అసలు ఆ లోతులో జీవి ఉండే వీలే లేదు. కాబట్టి గ్రానైట్ గుట్ట మీద కనిపించే గుండ్రటి బండ డైనోసార్ గుడ్డు కాదు. పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు ముందు అరిగి, పైపొరలు ఊడిపోతూ రాయి గుండ్రమైంది. భీముడి పాదమనీ, సీతమ్మ పాదమనీ ఊళ్లలో చూపించే చాలా గుంటలు కూడా వాననీరు నిలిచి రాయి పొడిపొడిగా రాలి ఏర్పడ్డవే. భక్తి సంగతి వేరు. అది శిలాజమా అని అడిగితే మాత్రం రాయి జవాబు స్పష్టంగానే చెబుతుంది. శిలాజాలు వెతకాల్సింది బురదా, ఇసుకా, సున్నమూ పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డ అవక్షేప శిలల్లో. లావా రాళ్లలో ఉండవు గానీ, రెండు లావా ప్రవాహాల మధ్య విరామంలో బురద పేరుకుంటే అందులో ఉండొచ్చు. రాజమహేంద్రవరం పక్కన కాటేరు, పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో దక్కన్ లావా పొరల నడుమ ఉన్న సున్నపురాయిలో నత్తలూ ఆల్చిప్పలూ అలాగే దొరుకుతాయి. పైనా కిందా నల్లరాయి, మధ్యలో గవ్వలు. ఆ వైపు వెళ్లేవాళ్లు చూడదగ్గ చోటు.

ఇక గుడ్ల సంగతి. జనాన్ని ఎక్కువగా తికమక పెట్టేవి ఇవే. 2020లో తమిళనాడు పెరంబలూరు జిల్లా కున్నంలో చెరువు తవ్వుతుంటే పెద్ద పెద్ద గుండ్రటి రాళ్లు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లంటూ సోషల్ మీడియాలో ఒకటే హడావుడి. నిపుణులు వెళ్లి చూసి అవి గుడ్లు కావనీ, పూర్వం అక్కడున్న సముద్రపు అడుగుమట్టి గడ్డకట్టి ఏర్పడ్డ ఉండలనీ తేల్చారు. మూడేళ్ల తర్వాత మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో సరిగ్గా దీనికి తిరగబడ్డ కథ. పాడ్‌ల్యా గ్రామంలో కాకడ్ భైరవ్ అని పేరు పెట్టి, పొలాన్నీ పశువులనీ కాపాడతాడని జనం తరతరాలుగా పూజిస్తున్న గుండ్రటి రాళ్లను శాస్త్రవేత్తలు చూసి అవి నిజంగానే టైటనోసార్ అనే పొడవాటి మెడ డైనోసార్ గుడ్లని గుర్తించారు. ఒకచోట గుడ్లనుకున్నవి రాళ్లయ్యాయి, ఇంకోచోట రాళ్లనుకున్నవి గుడ్లయ్యాయి. పైపైన చూస్తే రెండూ గుండ్రమే.

తేడా లోపల ఉంటుంది. మట్టి ఉండలకు భూవిజ్ఞానంలో కాంక్రీషన్లు అని పేరు. బురదలో ఒక గవ్వో, ఎముక ముక్కో, కుళ్లుతున్న ఆకో ఉంటే దాని చుట్టూ ఉన్న నీటి రసాయన గుణం మారుతుంది. దాంతో సున్నమో, ఇనుమో, సిలికానో అక్కడే పేరుకుని చుట్టూ ఉన్న మట్టిరేణువులను అతికించేస్తుంది. అంటే కాంక్రీషన్ బయటి నుంచి దొర్లుకుంటూ వచ్చింది కాదు, ఉన్నచోటే మట్టి గట్టిపడింది. అందుకే పగిలిన కాంక్రీషన్‌ను జాగ్రత్తగా చూస్తే చుట్టుపక్కల రాతిలోని పొరల గీతలే దాని లోపలి నుంచి కూడా ఆగకుండా పోతుంటాయి. లోపలున్నదీ బయటున్నదీ ఒకే మట్టి. పెంకు అనేది వేరుగా ఉండదు. గట్టిగా, రంగు మారిన పైపొర ఉన్నా అది లోపలికి మెల్లగా కలిసిపోతుంది.

గుడ్డుకు పెంకు ఉంటుంది. డైనోసార్ గుడ్డు పెంకు మందం సాధారణంగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పగిలిన అంచు దగ్గర అది లోపలి రాయి నుంచి, బయటి రాయి నుంచి గీత గీసినట్టు విడిగా కనిపిస్తుంది. టైటనోసార్ పెంకు పైభాగం నున్నగా ఉండదు, ఇసుక గింజలంత బొడిపెలు వరసగా ఉంటాయి. పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే లోపలి వైపు నుంచి పైకి విసనకర్రల్లా విచ్చుకున్న కాల్సైట్ (సున్నపు ఖనిజం) స్ఫటికాలు, వాటి మధ్య గాలి ఆడడానికి రంధ్రాలు కనిపిస్తాయి. లోపలున్న పిల్లకు ఊపిరి అందాలి కాబట్టి ఆ రంధ్రాలు. ఏ కాంక్రీషన్‌కూ వాటి అవసరం లేదు, అందులో ఉండవు కూడా. ఇంకో విషయం, గుడ్లు గూళ్లలో ఉంటాయి. ధార్ జిల్లాలోనే గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ తదితరులు 2023 జనవరిలో ప్రచురించిన అధ్యయనం 92 గూళ్లు, 256 గుడ్లను నమోదు చేసింది. గుడ్లన్నీ ఇంచుమించు 15 నుంచి 17 సెంటీమీటర్ల వ్యాసంలోనే ఉన్నాయి. కాంక్రీషన్లలో అలాంటి క్రమం అరుదు. పక్కపక్కనే నిమ్మకాయంత ఒకటి, గుమ్మడికాయంత ఇంకోటి ఉంటాయి, జంటగా అతుక్కున్నవీ ఉంటాయి.

కాంక్రీషన్ శిలాజం కాకపోయినా దాని నడుమ శిలాజం ఉండొచ్చన్నది మన పూజగదుల్లోనే కనిపిస్తుంది. నేపాల్‌లోని కాళీగండకి నదిలో దొరికే సాలగ్రామాలు నల్లటి షేల్‌లో ఏర్పడ్డ ఉండలు. చాలావాటి లోపల చక్రంలా కనిపించేది జురాసిక్ కాలంలో బతికి, తర్వాత అంతరించిపోయిన అమ్మోనైట్ అనే సముద్ర జీవి గుల్ల. హిమాలయాలు లేచి నిలబడకముందు అక్కడున్న టెథిస్ సముద్రంలో అది ఈదింది. ఆ చక్రంలో చూడాల్సింది చుట్ట ఒక్కటే కాదు. చుట్టలను అడ్డంగా గదులు గదులుగా విడదీసే గోడలూ, అవి గుల్లను తాకిన చోట మెలికలు తిరిగిన గీతలూ ముఖ్యం. ఉలితో చెక్కిన చక్రంలో చుట్ట ఉంటుంది గానీ లోపలి గదులుండవు.

పొరపాటు పడేలా చేసేవి మరికొన్ని ఉన్నాయి, వాటిని త్వరగా చెప్పేస్తాను. తాబేలు చిప్పలా కనిపించే రాయి చాలాసార్లు లోపల నెర్రెలిచ్చి ఆ నెర్రెల్లో కాల్సైట్ నిండిన కాంక్రీషన్. పాము పొలుసుల్లా, మొసలి చర్మంలా కనిపించే బండ పూర్వపు బురద ఎండి నెర్రెలు వారిన ఉపరితలమో, నీటి అలలు ఇసుక మీద వేసిన చాళ్లో. సున్నపురాయిలో వంకరటింకరగా సాగే నల్లటి గీత పుర్రె అతుకు కాదు, ఒత్తిడికి రాయి కరిగి మిగిలిన మడ్డి. సున్నపురాయిలో ఎముకల్లా పొడుచుకొచ్చే నున్నటి ముద్దలు చాలావరకు చెకుముకి రాయి. నారలు నారలుగా విడిపోయే రాయిని కర్ర శిలాజం అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. పులివెందుల ప్రాంతంలో దొరికే అలాంటి రాయి రాతినార, అంటే ఆస్బెస్టాస్ కావచ్చు. దాన్ని గీకడం, దంచడం, ముక్కు దగ్గర పెట్టి చూడడం చేయకండి. దాని దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. నిజంగా రాయిగా మారిన కర్రైతే అడ్డంగా కోసిన చోట వలయాలూ, లెన్స్ కింద వరసలుగా కణాల గళ్లూ కనిపిస్తాయి.

ఎముకను గుర్తుపట్టడానికి నాలుకకు అంటించి చూడమని చెప్పేవాళ్లున్నారు. పాత ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి అంటుకుంటుంది, నిజమే. కానీ ఎండిన బంకమట్టీ అంటుకుంటుంది, పొలాల్లో దొరికే సున్నపు గడ్డలూ అంటుకుంటాయి. దీన్ని నేను పరీక్షగా లెక్కలోకి తీసుకోను. విరిగిన చోట చూడడం మేలు. ఎముకకు బయట గట్టి పొర, లోపల స్పాంజిలాంటి గళ్లు ఉంటాయి. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. పిల్లలను తీసుకెళ్లినప్పుడు దాని ఎత్తుతో పాటు ఎముకల చివర్లూ, కీళ్లూ కూడా చూపించండి. ఏ ఎముకైనా పక్క ఎముకలో ఇమిడేలా తయారై ఉంటుంది. యాదృచ్ఛికంగా ఎముకలా కనిపించే రాయికి ఆ పొందిక ఉండదు.

అన్నిటికంటే కష్టమైన కేసు స్ట్రోమటోలైట్లది. ఇందులో నిపుణులే దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. సముద్రపు లోతు తక్కువ నీళ్లలో సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు పాచిలా పరుచుకుని, మీద పడ్డ మట్టినీ సున్నాన్నీ పట్టుకుని, వెలుతురు కోసం మళ్లీ పైకి పాకుతూ పొర మీద పొర కట్టుకుంటూ పోతే గోపురాల్లాంటి, స్తంభాల్లాంటి రాళ్లు తయారవుతాయి. కడప జిల్లా వేంపల్లె డోలమైట్‌ (సున్నపురాయి లాంటి రాయి)లో ఇవి పుష్కలంగా ఉన్నాయి. వయసు 190 కోట్ల ఏళ్ల పైమాటే. తుమ్మలపల్లె యురేనియం ఉన్నదీ ఆ రాతి సముదాయంలోనే. జంతువులూ, నేల మీది మొక్కలూ ఇంకా లేని కాలంలో ఆ సూక్ష్మజీవులు కట్టిన కట్టడాలు మన కడపలో ఉన్నాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కానీ వంగిన పొరలన్నీ స్ట్రోమటోలైట్లు కావు. 2016లో గ్రీన్‌లాండ్‌లోని ఇసువాలో 370 కోట్ల ఏళ్ల నాటి స్ట్రోమటోలైట్లు దొరికాయని అలెన్ నట్‌మన్ బృందం 'నేచర్'లో ప్రకటించింది. నిజమైతే భూమ్మీద జీవానికి అతి పాత ఆనవాళ్లలో అదొకటి. 2018లో అబిగైల్ ఆల్‌వుడ్ బృందం అదే రాతిని మూడు వైపుల నుంచీ చూసింది. ఒక పక్క నుంచి శంకువుల్లా కనిపించినవి ఇంకో పక్క నుంచి పొడవాటి గట్లుగా కనిపించాయి, కొన్నిటి కొన కిందికి తిరిగి ఉంది, లోపల పొరల కట్టడం లేదు. వెలుతురు కోసం పెరిగేది కిందికి పెరగదు కదా. రాయి నలిగి మడతలు పడినప్పుడు ఏర్పడ్డ ఆకారాలు అవి అని ఆ బృందం వాదన. నాకు అదే బలంగా కనిపిస్తుంది. వేంపల్లెలో చూడండి, గోపురాలన్నీ ఒకే వైపుకు, పైకి. శిఖరం దగ్గర పొర మందంగా, పక్కల పల్చగా. రెండు స్తంభాల నడుమ సందుల్లో అలలకు విరిగిపడ్డ ముక్కలు.

ఇలాంటి వివాదం కొత్తది కూడా కాదు. 1865లో జాన్ విలియం డాసన్ కెనడా రాళ్లలో దొరికిన చారల నిర్మాణానికి 'ఇయొజూన్ కెనడెన్స్' అని జీవి పేరే పెట్టాడు. డార్విన్ తన పుస్తకంలోనూ ప్రస్తావించాడు. మరుసటి ఏడాదే ఐర్లండ్‌లో కింగ్, రౌనీ అనే ఇద్దరు అది ఖనిజాల చారలేనని అన్నారు. వాదన మూడు దశాబ్దాలు నడిచింది. 1894లో వెసూవియస్ అగ్నిపర్వతం విసిరిన సున్నపురాళ్లలో అచ్చం అవే చారలు కనిపించడంతో ఇయొజూన్ పని అయిపోయింది. జీవం ఉండే అవకాశమే లేని చోట అదే ఆకారం దొరికితే, ఇక ఆ ఆకారం జీవానికి సాక్ష్యం కాలేదు.

దీన్నిబట్టి అనుమానించిన ప్రతిసారీ అనుమానించినవాళ్లే గెలుస్తారని అనుకోవద్దు. 1998లో ఆర్.జె. అజ్మీ వింధ్య సున్నపురాయిలో కేంబ్రియన్ కాలపు (సుమారు 54 కోట్ల ఏళ్ల కింద మొదలైన కాలం) చిన్న గుల్లలు దొరికాయని చెబితే చాలామంది కొట్టిపారేశారు. 2009లో స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం చిత్రకూట్ దగ్గర మళ్లీ నమూనాలు తీసి, ఎక్స్‌రే పరికరాలతో లోపలి నిర్మాణం చూసి, శిలాజాలు నిజమేనని తేల్చింది. అయితే అవి కేంబ్రియన్ జంతువులవి కావు. వాటి కంటే వంద కోట్ల ఏళ్లకు పైగా పాతవైన సయనోబాక్టీరియా, శైవలాల లాంటివి. అజ్మీకి కనిపించినవి ఉన్నాయి, కానీ వాటి వయసూ, అవి ఏ జీవులన్నదీ వేరు.

మీకు ఎక్కడైనా అనుమానం కలిగించే రాయి కనిపిస్తే పెకలించకండి. ఏ పొరలో, ఏ వైపుకు తిరిగి, ఏ రాతిలో ఉందన్న సమాచారం రాయి కదిలించగానే పోతుంది. పైన చెప్పిన కేసుల్లో చాలావాటికి కీలకమైంది ఆ సమాచారమే. పక్కన ఒక రూపాయి బిళ్లో, పెన్నో పెట్టి ముందు నుంచి, పక్క నుంచి, విరిగిన అంచు నుంచి ఫోటోలు తీయండి. కొంచెం వెనక్కి జరిగి చుట్టూ ఉన్న రాయి మొత్తం కనిపించేలా ఇంకోటి తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి పెట్టండి. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో భూవిజ్ఞాన విభాగాలున్నాయి. ఆ ఫోటోలు అక్కడ చూపిస్తే, రాయిని చూడడానికి రావాలో వద్దో వాళ్లు చెప్పగలరు.